సీతారత్నం గారి మనవరాలు

ఆవిడ పోయారన్న సంగతి మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో చూశాను. మెసేజ్‌తో పాటు ఒక ఫొటో పెట్టారు. నిలువెత్తు అట్టబొమ్మ, దానికి తల ఉండాల్సిన చోట గుండ్రటి కంత, ఆ కంతలోంచి ఆవిడ మొహం. కింద ‘ఎప్పుడూ సరదాగా నవ్వుతూ ఉండే మన ఆంటీ ఇక లేరు’ అని రాశారు. దాని కింద వరసగా దణ్ణాలు.

ఆ ఫొటోలో ఆవిడ నవ్వడం లేదు. కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది. నాకు తెలిసిన రెండేళ్ళలో ఆవిడ సరదాగా ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆ రోజు మాత్రం వాటిలో లేదు.

ఇక్కడే కెనడాలో, కాల్గరీలో ఉన్న వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. పలకరించాక, అమ్మగారి గురించి నాలుగు మాటలు రాయాలనుకుంటున్నానని చెప్పాను.

“రాయండి. కానీ అమ్మ పేరు పెట్టకండి ప్లీజ్. ఆ పాత ఫొటోల సంగతి అసలొద్దు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం.”

పిల్ల కాల్గరీలో పుట్టింది. చూసే సంబంధాలూ ఇక్కడివే. అయినా నాలుగు తరాల కింద ఇంట్లో ఎవరు పాడేవారో, ఎవరి ముందు పాడేవారో ఇక్కడా అడుగుతారట. కొడుకు మాట కాబట్టి ఆవిడ పేరు రాయను. ఆవిడ అమ్మమ్మ పేరు సీతారత్నం. అది రాయడానికి నాకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

నేను ఖమ్మం నుంచి ఒషావా వచ్చిన ఏడాది, విమానం దిగిన ప్రతి ఇద్దరిలో ఒకరు మాలాంటి స్టూడెంటే అన్నట్టుండేది. క్లాసులో కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళం. పార్ట్‌టైమ్ ఉద్యోగం ఒకటి ఉందంటే ఆ షాపు ముందు లైను వీధి మలుపు దాకా ఉండేది. అలాంటి రోజుల్లో ఇండియన్ గ్రోసరీ షాపు బోర్డు మీద, ‘బేస్‌మెంట్ షేరింగ్, అమ్మాయిలకు మాత్రమే’ అన్న కాగితాల మధ్య, కాస్త వంకర్లు పోయిన తెలుగు అక్షరాలతో ఒక కాగితం కనిపించింది. ‘తెలుగు తప్పుల్లేకుండా రాయగలవారు కావలెను. చేతులు వణకరాదు. కబుర్లు చెప్పరాదు.’

వెళ్ళాను. తలుపు తీసింది పొట్టిగా, బక్కగా ఉన్న ఒకావిడ. డెబ్బై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు మెడ దాకా కత్తిరించుకున్నారు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. “చేతులు చాపు” అన్నారు. నా చేతుల మీద ఒక పల్చటి కాగితం పెట్టి, అది కదులుతుందేమోనని వంగి చూశారు.

“కాఫీ తాగొచ్చావా?”

“తాగాను ఆంటీ.”

“ఇక్కడికొచ్చే రోజు తాగకు. ఆంటీ అనకు.”

“మరి ఏమని పిలవమంటారు?”

“పిలవడమెందుకు? ఎదురుగానే ఉంటాగా.”

అప్పుడు గమనించాను. చేతులు వణికేది ఆవిడకే. టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నా సాసర్‌లో చప్పుడయ్యేది. ఆ చేతులతో ఇక ముట్టుకోలేని వస్తువులు ఆ ఇంట్లో ముప్పై ఒకటి ఉన్నాయి. వాటి కోసమే ఆ కాగితం అంటించారు.

అవి గాజు పలకలు. ఫిలిం రాకముందు ఫొటో నెగటివులు గాజు మీదే ఉండేవట. వందేళ్ళ కింద కాకినాడలో ఒక స్టూడియో ఆయన తీసినవి. ఆయన దగ్గరికి జమీందార్లూ వచ్చేవారు, ప్లీడర్లూ వచ్చేవారు. ఈ ముప్పై ఒకటీ మాత్రం కళాకారులవి. మేజువాణీల్లో పాడి ఆడేవాళ్ళు, నాటకాల వాళ్ళు, ఒక హరిదాసు, ఇద్దరు ఫిడేలు వాయించేవాళ్ళు, వీణ ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలావిడ. స్టూడియో మూసేశాక ఆయన కొడుకులు పలకల మీద బొమ్మ గీకేసి, ఆ గాజుని పటాలకి వేసుకునేవాళ్ళకి ఇచ్చేస్తుంటే, ఈవిడ తల్లి వెళ్ళి మిగిలినవి తెచ్చుకున్నారు. పెళ్ళై కెనడా వచ్చేటప్పుడు ఈవిడ వాటిని నేత చీరల మడతల్లో పెట్టి, ఒళ్ళో పెట్టుకుని విమానంలో తెచ్చారు. ఒక్కటి కూడా పగల్లేదు.

ఆదివారాలు నా పని ఇదీ. పెట్టెలోంచి ఒక పలక తీయాలి. లైటు బల్ల మీద పెట్టాలి. పైన స్టాండుకి బిగించిన కెమెరాతో కాపీ తీయాలి. ఆవిడ చెప్పిన వివరాలు నోట్‌బుక్కులో రాయాలి. మొదటిరోజు పలక ఎత్తబోతుంటే చేతి మీద చిన్న దెబ్బ వేశారు.

“అంచులు పట్టుకో. మొహాన్ని ముట్టుకోకు.”

ప్రతి ఆదివారం అదే మాట. నేను అంచులు పట్టుకునే ఉన్నా ఆ మాట చెప్పాకే పని మొదలయ్యేది.

నెగటివులో మొహాలు నల్లగా, జుట్టు తెల్లగా ఉంటాయి. నాకు అందరూ ఒకేలా కనిపించేవారు. ఆవిడకి అలా కాదు. “ఇతను ఆడవేషాలకి పేరు. చూడు, చీర కట్టుకుని కూడా పురుషుడిలా కూర్చున్నాడు. వేషం లేనప్పుడు నేనింతే అని చెప్తున్నాడు.” అందరి వెనకా ఒకటే తెర. పాలరాతి స్తంభం, పైకి వెళ్ళే మెట్లు. “ఆ మెట్లు గుడ్డ మీద వేసినవి. ఎక్కబోతే గోడ తగుల్తుంది. వీళ్ళందరికీ తెలుసు ఆ సంగతి.”

ఒకసారి నేను, “ఎవరూ నవ్వరేంటండీ ఇందులో? అందరూ కోపంగా ఉన్నారు” అన్నాను.

“కెమెరా ముందు కదలకుండా కూచోవాలి అప్పుడు. నవ్వు అంతసేపు నిలబడదు. కోపం నిలబడుతుంది.”

ఆవిడ ఇక్కడ ఒక మందుల షాపులో, ఫొటోలు డెవలప్ చేసే కౌంటర్ వెనక పనిచేసి రిటైరయ్యారు. “ముప్పై ఏళ్ళు జనం పళ్ళు కడిగానమ్మా” అనేవారు. “కెమెరా కనిపిస్తే చాలు ఇకిలింపే. ఒక్కడి మొహం గుర్తులేదు.”

పలకల అంచున స్టూడియో ఆయన సూదితో పేర్లు గీసేవాడు. కాగితం మీద అచ్చు పడ్డప్పుడు సరిగ్గా రావాలని అక్షరాలు తిరగేసి గీసేవాడు. నేను పలక తిప్పి చదవాల్సి వచ్చేది. ఆవిడ అలాగే చదివేసేవారు, అలాగే రాసేవారు కూడా. చలికాలంలో పక్కింటాయన మంచు తవ్వి ఈవిడ వాకిట్లో పోస్తుంటే, ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద లోపలి నుంచి వేలితో తిరగరాసేవారు, బయటున్న ఆయనకి సరిగ్గా కనపడేట్టు, ‘నాట్ హియర్’ అని. ఆయన చూసి చెయ్యి ఊపి, పార ఇంకో వైపు తిప్పేవాడు. నేను చూసినంతలో వాళ్ళిద్దరి స్నేహం అంతవరకే.

పేర్లు గీయడం మొదలైంది సీతారత్నం గారి వల్లేనట. ఆవిడ పాటకీ అభినయానికీ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరుండేది. స్టూడియో ఆయన ఆవిణ్ణి పిలిచి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పక్కకి చూడమన్నాడట. అలా తీసిన ఆడవాళ్ళ ఫొటోలు కార్డుల మీద అచ్చు వేసి అమ్మేవారు, పేరు ఉండేది కాదు. ఆవిడ ఒప్పుకోలేదు. నా మృదంగం అతనూ నా ఫిడేలు అతనూ నా పక్కన నిలబడాలి, తంబురా నా చేతిలో ఉండాలి, మా ముగ్గురి పేర్లూ గీయాలి అందట. ఆయన తరవాత గీస్తాలే అంటే, గీసేదాకా ఈ కుర్చీలోంచి లేవను అని కూచుందట.

“గీశాడా?”

“చదువు.”

తిప్పి చదివాను. సీతారత్నం. అప్పలస్వామి. గున్నయ్య.

ఆ రోజు ఆవిడ చాలాసేపు మాట్లాడారు. గొంతు పెంచలేదు. “తరవాత మేజువాణీలు మాన్పించారు. పెద్దమనుషులంతా కూచుని, పాట మంచిదే, పాడే మనిషే చెడ్డదని తేల్చారు. పాట పట్టుకుపోయి వాళ్ళ ఆడపిల్లలకి నేర్పించుకున్నారు. మా అమ్మమ్మ ఇంట్లో తలుపేసుకుని బియ్యం ఏరుకుంటూ పాడుకునేది. మా అమ్మకి నేర్పలేదు. నేర్చుకుంటే బళ్ళో చేర్చుకోరని. అందుకని నాకూ రాదు. నాకు ఒక్క పాటా రాదమ్మాయ్. ఈ గాజు ఒక్కటే మిగిలింది.”

ఇక నా సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు.

మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ గారిది హైదరాబాద్. అమెరికాలో పదేళ్ళు చేసి ఇటొచ్చి, కన్సల్టెన్సీ పెట్టుకున్నారు. ఉగాదికి ‘మన కళావైభవం’ అని ప్రోగ్రాం అనుకుని, ఎవరో చెప్తే ఫొటోల కోసం ఆవిడ ఇంటికి వచ్చారు. నేనక్కడే ఉన్నాను.

“పేర్లు వేస్తావా?” అని ఆవిడ అడిగారు.

“చూద్దాం ఆంటీ.”

“చూసి రా” అని ఆవిడ లేచి తలుపు దగ్గర నిలబడ్డారు.

ఆయన నాకు ఫోన్ చేశారు. నా చదువు అయిపోయింది అప్పటికి. వర్క్ పర్మిట్ వచ్చింది కానీ ఉద్యోగం లేదు. ఎన్ని అప్లికేషన్లు పెట్టినా జవాబు లేదు. ఆయన, “మా ఆఫీసులో కోఆర్డినేటర్ పోస్ట్ ఉందమ్మా, పీఆర్‌కి, అదే పర్మనెంట్ రెసిడెన్సీకి, పనికొస్తుంది” అన్నారు. ఆ తరవాతే ఫొటోల సంగతి అడిగారు. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆయన అనలేదు. నేనూ అడగలేదు.

అప్పటికి కాపీ తీసినవి ఇరవై నాలుగు. అన్నీ పంపాను. పేర్ల లిస్టు కూడా పంపాను. అదొక్కటే నేను చేసిన మంచి పని అని చాలా రోజులు అనుకున్నాను. ఆయన మళ్ళీ ఫోన్ చేసి, “పేర్లెందుకమ్మా, ఎవరు చదువుతారు? పైగా ఆడవాళ్ళ పేర్లు చూస్తే ఏ ఇంటివాళ్ళో తెలిసిపోతుంది. ఫ్యామిలీస్ వస్తారు కదా” అన్నారు. నేను “సరే సార్” అన్నాను.

ఆవిడకి చెప్పలేదు. పైగా ఉగాదికి నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. గోడల మీద అంతంత పెద్దగా చూస్తే మెత్తబడతారని నాకు నేను చెప్పుకున్నాను.

స్కూల్ ఆడిటోరియంలో ప్రోగ్రాం. లాబీలో ఒక గోడకి మగవాళ్ళ ఫొటోలు పటాలు కట్టి పెట్టారు. వాళ్ళకీ పేర్లు లేవు. ఇంకో పక్క జనం మూగి ఉన్నారు. నవ్వులు, ఫోన్లు. పిల్లలు లైన్లో నిలబడ్డారు. దగ్గరికి వెళ్తే కనిపించింది. సీతారత్నం గారి ఫొటోని నిలువెత్తున అట్ట మీద అంటించి రంగులు వేశారు. చీర గులాబీ రంగు. పక్కనున్న అప్పలస్వామినీ గున్నయ్యనీ తీసేశారు. మొహం ఉన్నచోట గుండ్రంగా కోసేశారు. పైన ‘మీరూ ఒక్క క్షణం నాట్యసుందరి!’ అని రాసి ఉంది. ఆ కంతలోంచి ప్రెసిడెంట్ గారి భార్య నవ్వుతూ, బోర్డు పక్క నుంచి చెయ్యి బయటపెట్టి వేళ్ళతో విక్టరీ గుర్తు చూపిస్తున్నారు.

ఆవిడ నా చెయ్యి వదిలేశారు.

అరుస్తారనుకున్నాను. అరవలేదు. లైన్లో నిలబడ్డారు. నిజంగా పిల్లల వెనక లైన్లో నిలబడి, వంతు వచ్చేదాకా ఆగి, బోర్డు వెనక్కి వెళ్ళి కంతలో మొహం పెట్టారు. కింద పిల్లల కోసం వేసిన చిన్న స్టూలు ఎక్కినట్టున్నారు. ఎవరో “ఆంటీ, స్మైల్” అని ఫొటో తీశారు. గ్రూపులో పెట్టింది అదే ఫొటో.

ఫొటో తీయడం అయిపోయింది. ఆవిడ దిగలేదు.

లైన్లో ముందున్న పాప, ఏడేళ్ళుంటాయేమో, కాసేపు చూసి అడిగింది. “ఆర్ యూ స్టక్?”

“యెస్” అన్నారు ఆవిడ.

జనం మొదట నవ్వారు. అయిదు నిమిషాలకి నవ్వులు ఆగాయి. లోపల స్టేజీ మీద అమ్మాయిలు ఒకప్పటి మేజువాణీ పదాలకే అభినయం చేస్తున్నారు, ఆ పాట లాబీలోకి వినిపిస్తోంది. ప్రెసిడెంట్ గారు వచ్చారు.

“ఆంటీ, రండి. పిల్లలు వెయిట్ చేస్తున్నారు.”

“ఈవిడ పేరు చెప్పు. వస్తాను.”

“ఎవరి పేరు?”

“నీ భార్య ఇందాక ఎవరి ఒంటి మీద తల పెట్టిందో ఆవిడ పేరు.”

“ఆంటీ, ఇట్స్ జస్ట్ ఫర్ ఫన్.”

“పేరు చెప్పు.”

ఆయన చుట్టూ చూశారు. “ఎవరికైనా తెలుసా?” అని నవ్వుతూ అడిగారు. అప్పుడు ఆయన చూపు నా మీద ఆగింది. నేను సమోసాల టేబుల్ దగ్గర, చేతిలో టిష్యూల కట్టతో నిలబడి ఉన్నాను. ఆయనకి తెలుసు నాకు తెలుసని. ఆవిడకీ తెలుసు. ఆవిడ మాత్రం నా వైపు చూడలేదు. చూస్తే నేను చెప్పాల్సి వచ్చేది, ఆ బరువు కూడా నా మీద పెట్టలేదు.

నాలుగక్షరాల పేరు. నా నోటి దాకా వచ్చింది. సోమవారం నేను ఆయన ఆఫీసులో జాయినవ్వాలి.

నేను టిష్యూలు సర్దాను.

ఇంకో అరగంట ఆవిడ అలాగే నిలబడ్డారు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. వణికే చేతులు బోర్డు వెనక ఉన్నాయి కాబట్టి ఎవరికీ కనిపించలేదు. నాకు మాత్రం అట్ట సన్నగా అదరడం కనిపించింది. చివరికి ఇద్దరు వాలంటీర్లు వచ్చి, కాళ్ళ దగ్గర మరలు ఊడదీసి, బోర్డుని ముందుకి వంచి తీసుకుపోయారు. వెనక ఆవిడ చిన్న స్టూలు మీద నిలబడి ఉన్నారు. దిగారు. మెడ పట్టేసిందేమో, తల తిప్పకుండా నేరుగా తలుపు దాకా నడిచి, టాక్సీ పిలిపించుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఆదివారం. వెళ్ళకుండా ఉండలేకపోయాను. తలుపు తీశారు.

“ఫొటోలు నువ్వే ఇచ్చావా?”

“అవునండీ.”

“పేర్లు ఇచ్చావా?”

“ఇచ్చాను.”

“అయితే వాళ్ళు తెలిసే చేశారు.” నా మొహంలోకి చూసి, “నువ్వూ తెలిసే ఊరుకున్నావు” అన్నారు.

“సారీ అండీ.”

“సారీ బస్సులో కాలు తొక్కితే చెప్పుకునేది.” తలుపు పూర్తిగా తీశారు. “ఏడు పలకలు మిగిలాయి. నా చేతులు పనికిరావు. పూర్తి చేసి వెళ్ళు.”

మూడు ఆదివారాలు పట్టింది. ఆవిడ అదే గదిలో కూచుని వివరాలు చెప్పేవారు. ఇంకొక్క మాట లేదు. అంచులు పట్టుకోమని కూడా చెప్పలేదు. అది చెప్పకపోవడం దెబ్బ కన్నా గట్టిగా తగిలింది. చివరి పలక పెట్టెలో పెట్టాక లేచి తలుపు తీసి, “ఇంక రానక్కర్లేదు” అన్నారు.

నేను ఆ ఉద్యోగం చేశాను. ఏడాది పాటు ఆయన్ని రోజూ సార్ అన్నాను. తరవాతి ఉగాదికి స్పాన్సర్ల లిస్టు కూడా నేనే టైప్ చేశాను. ఈ కోపంలో ఎక్కువ భాగం ఎవరి మీదో చదివేవాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది. అందరూ అంటారు, పాపం స్టూడెంటువి, ఏం చేస్తావు అని. ఆ మాట వింటే ఇంకా మండుతుంది. ఆ రోజు ఆ లాబీలో నన్ను ఎవరూ నోరు మూసుకోమనలేదు.

పీఆర్ వచ్చాక కెనడాలోనే కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో వేరే ఉద్యోగం దొరికింది. ఒషావా వదిలే ముందు ఒకసారి ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఫోన్ చేస్తే వద్దంటారని చేయకుండా వెళ్ళాను. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడ్డారు. ఇంకా చిక్కిపోయారు. ఇప్పుడు తల కూడా కొద్దిగా వణుకుతోంది.

“ఏం కావాలి?”

“ఏం లేదండీ. ఊరు మారుతున్నాను. చెప్పి వెళ్దామని.”

“కాయితాలు వచ్చాయా?”

“వచ్చాయి.”

“మంచిది.”

లోపలికి రమ్మనలేదు. నేను అడగలేదు. ఆవిడ వెనక హాల్లో పలకల పెట్టె ఉండే బల్ల ఖాళీగా ఉంది. నేను అటు చూడటం గమనించారు.

“పంపించేశాను. ఆంధ్రాలో ఒక యూనివర్సిటీ వాళ్ళు తీసుకున్నారు. పేర్లన్నీ వేస్తామని రాసిచ్చారు. ముప్పై ఒకటికీ.”

“చాలా మంచి పని చేశారండీ.”

“ఫారంలో ఒక గడి ఉంది. కాపీలు తీసిందీ వివరాలు రాసిందీ ఎవరని.” ఆవిడ చెయ్యి తలుపు అంచుకి ఆనించుకున్నారు, వణుకు ఆపడానికి. “నీ పేరు రాశాను.”

“నా పేరెందుకండీ” అన్నాను.

“పని నువ్వు చేశావుగా” అన్నారు.

నేను ఏదో చెప్పబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. నన్ను క్షమించలేదు, ఆ మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. తలుపు మాత్రం మెల్లగానే వేశారు.